టీచరమ్మ గొంతు దాగిన చోటు

గొంతు డాక్టర్ డిటెక్టివ్ ఎదుట కూర్చుని జరిగింది చెప్పాడు. జబ్బు ముదిరి ఒక టీచరమ్మకు స్వరపేటిక తీసేయాల్సి వచ్చింది. ఆపరేషన్‌కు ముందు ఆమె మాటలు రికార్డు చేశారు. వాటితో ఆమె గొంతులోనే పలికే యంత్రం తయారుచేయాలి. ఇప్పుడా రికార్డింగులు ఒక్కటీ లేవు. వేరే కాపీ ఇంకా తీయలేదు.

"మళ్లీ రికార్డు చేద్దామంటే ఆవిడకు గొంతే లేదు మేడమ్," అన్నాడతను.

డిటెక్టివ్ తన అసిస్టెంటును వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. అందరి అనుమానమూ రికార్డింగులు భద్రపరిచే ప్రోగ్రామర్ మీదే. అతను కంగారులో ఫైళ్ల పేర్లతోనే మొత్తం గాలించానని, దొరకలేదని చెప్పాడు. డిస్కులో ఖాళీ ఏమాత్రం పెరగలేదని డిటెక్టివ్ గమనించింది.

టీచరమ్మకు బెరుకు పోవాలని ఆమె భర్తనే పక్కన కూర్చోబెట్టి రికార్డింగు నడపడం నేర్పానని సౌండ్ ఇంజనీరు చెప్పాడు. ఫైలు పేరు ఏదైనా, పేషెంటు నంబరును రికార్డింగు యంత్రమే ఫైలు లోపల రాస్తుందట. ఆ సంగతి తనకూ ప్రోగ్రామర్‌కూ తప్ప ఎవరికీ తెలియదన్నాడు. ఆ భర్త, రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, బయట బంధువుల కోసం ఉంచిన కంప్యూటర్ ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. పాత పాటలు వింటున్నానన్నాడు.

డిటెక్టివ్ పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో చిన్న ప్రోగ్రాం రాసింది. ఫోల్డర్లన్నీ తిరిగే పనిముట్టు పెర్ల్‌లోనే ఉంది. అది ఎదురైన ప్రతి ఫైలు దగ్గరా మనమిచ్చిన ఫంక్షన్‌ను, అంటే ఒక చిన్న పని చేసే కోడ్‌ను, పిలుస్తుంది, అంతే.

"మరి దేనికోసం వెతకాలో ఆ ఫంక్షన్‌కి ఎవరు చెబుతారు మేడమ్?" అసిస్టెంటు అడిగాడు.

"తయారుచేసేటప్పుడే నేను చెప్పేశాను. ఆ నంబరు దాని వెంటే ఉంటుంది, ఎక్కడికెళ్లినా మర్చిపోదు. దొరికినవీ అదే గుర్తుపెట్టుకుంటుంది. దీన్ని క్లోజర్ అంటారు."

అసిస్టెంటు రెప్పవేయకుండా చూశాడు. వేల ఫోల్డర్ల చీకట్లో ఒకే ఒక్క మనిషి గుర్తును గుండెల్లో పెట్టుకుని ఏదో తిరుగుతున్నట్టనిపించి అతని ఒళ్లు గగుర్పొడిచింది. తెరమీద ఒక్కో వరుసే వెలగసాగింది. రికార్డింగుల్లోంచి తొలగించాల్సిన ఫ్యాను చప్పుళ్ల నమూనాలుంచిన పాత ఫోల్డర్లో, ఫ్యాను పేర్లతోనే, టీచరమ్మ మాటలన్నీ ఉన్నాయి. డిటెక్టివ్ అంతటితో ఆగలేదు. అదే ఫంక్షన్‌ను బయటి కంప్యూటర్లోకీ పంపింది. అక్కడ ఒకే ఒక్క ఫైలు దొరికింది.

ఆమె అందరినీ రికార్డింగు గదిలోకి పిలిపించింది. టీచరమ్మ తన భర్త పక్కన కూర్చుంది.

"ఖాళీ పెరగలేదంటే ఫైళ్లు చెరిపేయలేదు, దాచారు," అంది డిటెక్టివ్. "ప్రోగ్రామరో ఇంజనీరో దాచి ఉంటే లోపలి నంబరు మార్చకుండా వదలరు. దాచినాయనకు పైపేరు మాత్రమే తెలుసు. ఆ ఫైళ్లలో ఒకదాన్ని విడిగా కాపీ చేసుకున్నాడు. అందులో టీచరమ్మ 'ఏవండీ, అన్నం చల్లారిపోతోంది' అంటోంది. అది రోజూ వినాలని ఎవరికి ఉంటుంది, మాస్టారూ?"

మాస్టారు తల దించుకున్నాడు.

"అది డబ్బాలోంచి వస్తే ఇక నా మనిషి గొంతు కాదేమో అనిపించిందమ్మా. చెరపడానికి మాత్రం చేతులు రాలేదు."

డాక్టర్ ప్రోగ్రామర్ దగ్గరకెళ్లి క్షమించమన్నాడు. టీచరమ్మ తన భర్త వంక చాలాసేపు చూసి, యంత్రం తయారుచేయమని ఇంజనీరుకు సైగ చేసింది.

యంత్రం సిద్ధమైన రోజు డాక్టర్ డిటెక్టివ్‌నూ అసిస్టెంటునూ పిలిచాడు. టీచరమ్మ మీటల మీద నెమ్మదిగా టైపు చేసింది. ఎన్నడూ రికార్డు చేయని మాటలు, ఆమె గొంతులోనే గదంతా నిండాయి.

"నాకు కూడా భయంగానే ఉందండీ. ఇలా దగ్గరకొచ్చి కూర్చోండి."

మాస్టారు కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు.