పట్టీ లేని పరీక్ష

తొమ్మిది మంది విద్యార్థులు తరగతి గుమ్మం దగ్గర ఆగి, నుదుటి మీది ఎరుకపట్టీలు ఊడదీసి స్టీలు పళ్లెంలో పెట్టి, బిక్కమొహాలతో లోపలికి వచ్చారు. విశాఖపట్నం మొత్తానికి పట్టీ తీసి కూర్చునే చోటు ఈ ఆనర్స్ కలన గణితం తరగతి ఒక్కటే. వంతెన కట్టే లెక్క దగ్గర్నుంచి పులిహోర పోపు దాకా ఏదైనా సరే, అడగాలనుకునేలోపే అర్థమై కూర్చుంటుంది ఎరుకపట్టీతో. బడులు మూతపడి ముప్పై ఏళ్లయింది. విశ్వవిద్యాలయం మాత్రం ఏదో పాత నిబంధన పుణ్యమా అని ఈ కోర్సును వదల్లేదు.

ఆ రోజు ప్రొఫెసర్ సుభాషిణి ఆఖరి పరీక్ష సంగతి చెప్పారు. పట్టీ లేని మనిషిని ఒకరిని తెచ్చి, అవధి, అదే లిమిట్, అంటే ఏమిటో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. అర్థమైందో లేదో తేల్చేది ఆ వచ్చిన మనిషే. అలాంటివాళ్లు దొరకకపోతే రాతపరీక్ష రాసుకోవచ్చన్నారు. ఎవరైనా పట్టీని వారం తీసి ఉంచితే అది ఇచ్చినదంతా జారిపోయి అలాంటి మనిషే అవుతారు, నిజమే, కానీ ఏ బుద్ధిమంతుడు తీస్తాడు? ఎనిమిది మంది అప్పటికప్పుడే రాతపరీక్ష కోరుకున్నారు.

విరజ కోరుకోలేదు. ఆమె చెల్లెలు హైమకు పదిహేడేళ్లు. పట్టీ పెడితే మూర్ఛ వస్తుంది. చదవడం, రాయడం అమ్మ నేర్పింది. ఆపైన నేర్పేవాళ్లు ఊళ్లో ఎవరూ మిగల్లేదు. చెల్లెలంటే విరజకు ప్రాణం, కానీ హైమ ఏదైనా అడిగితే "అదంతేనే" అనడం తప్ప చేతనయ్యేది కాదు. రెండేళ్ల క్రితం హైమ అడగడం మానేసింది. విరజ ఈ కోర్సులో చేరింది అందుకే.

ఆ సాయంత్రమే హైమకు చెప్పడం మొదలుపెట్టింది. సగం తీసుకో, దానికి పావు కలుపు, పావులో సగం కలుపు, అలా కలుపుకుంటూ పోతే మొత్తం ఒకటి అంది.

"ఎంత కలిపినా కొంచెం తక్కువే ఉంటది కదక్కా. ఒకటెలా అవుద్ది?"

విరజకు జవాబు తెలుసు. దాని దగ్గరికి ఎలా వెళ్లాలో తెలియదు. నోటిదాకా వచ్చిన పాత మాటను మింగేసింది. హైమే జాలిపడి, పర్లేదులే అక్కా అంది.

మర్నాడు విరజ జరిగింది చెబితే ప్రొఫెసర్ ఒకటే అడిగారు, ఇది నీకు అర్థంకాని రోజు ఏదని. విరజ ఎంత వెతుక్కున్నా అలాంటి రోజు లేదు.

"అయితే ఆ రోజు తెచ్చుకో తల్లీ," అన్నారు ఆవిడ.

విరజ పట్టీ తీసేసింది. వారంలో తలంతా ఖాళీ అయింది. పప్పు మాడ్చింది, బస్సు దిగాల్సిన చోటు దాటిపోయింది. గణితంలో అయితే ఒకే చోట కూరుకుపోయింది. ప్రొఫెసర్ దగ్గర కూర్చుని, వెయ్యిసార్లు కలుపుతాను, ఒకటికి ఎంత దగ్గరైతే ఒప్పుకుంటారో చెప్పండి అనేది. అప్పుడు మిగిలే ఖాళీ కంటే చిన్న తేడా చెప్పి ఆవిడ ఓడించేవారు. పదివేలు అంటే ఇంకా చిన్నది. పదకొండు రోజులు ఓడిపోయింది. పన్నెండో రోజు దారి దొరికితే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

పరీక్ష రోజు హైమ మొదటి బెంచీలో కూర్చుంది. విరజ పాఠం చెప్పలేదు, ఆట పెట్టింది. హైమ వెయ్యిసార్లు కలుపుతానంది. విరజ చిన్న తేడా చెప్పి ఓడించింది. హైమ పదివేలు అంది. మళ్లీ ఓడింది. తర్వాత నలభై నిమిషాలు హైమ కాగితం మీద లెక్కలు వేస్తూ కూర్చుంది. చెప్పేయాలని విరజకు నాలుక పీకుతూనే ఉంది. ప్రొఫెసర్ కిటికీ దగ్గర నిలబడి ఎటో చూస్తున్నారు.

"అక్కా, నేను ముందు చెప్పకూడదు," అంది హైమ మెల్లగా. "ఎంత తేడా కావాలో ముందు నువ్వు చెప్పు. ఎన్నిసార్లు కలపాలో అప్పుడు నేను చెప్తా. నువ్వెంత చిన్నది చెప్పినా చెప్తా."

విరజ తల ఊపింది.

"ఒకటవుద్దంటే ఇదేనా? ఇంతేనా?"

"ఇదే."

నీకూ ఇక్కడే ఆగిపోయిందా అని అడిగింది హైమ. పదకొండు రోజులు అంది విరజ. హైమ నవ్వింది. నవ్వుతుండగానే కళ్లు నిండాయి.

"అర్థంకానిది నాకొక్కదానికే అనుకున్నానక్కా, ఇన్నాళ్లూ."

విరజ చెల్లెల్ని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత ప్రొఫెసర్ దగ్గరికి నడిచింది. తన ఇరవై ఏళ్లలో పట్టీతో ఎన్నో తెలిశాయి గానీ, వాటికి కృతజ్ఞత చెప్పుకోవడానికి ఎదురుగా మనిషంటూ ఎప్పుడూ ఎవరూ లేరు. చేతులు జోడించింది.

"ఆ పదకొండు రోజులూ నాకు చెప్పేయకుండా ఆగారు కదా మేడమ్," అంది. "అందుకు."