దణ్ణం పెట్టకూడని చోటు

ఆ ధ్యానమందిరంలో చివరి ఆసనం మంచిది కాదని అక్కడ వంట చేసే భిక్షువు ముందే చెప్పాడట. మా బావ వింటేగా!

బావ లారీ మెకానిక్. పనిమంతుడే, కోపమే పాడుది. నోటికన్నా ముందు చెయ్యి లేస్తుంది. అక్క ఒంటిమీద మచ్చలకి ఎప్పుడూ స్నానాలగదే కారణం... జారి పడిందట! చివరికి అక్కే తెగించి చెప్పేసింది.

"ఆ బౌద్ధాశ్రమంలో కొన్నాళ్ళుండి, ఆ చెయ్యి అదుపులో పెట్టుకుని రా. లేదంటే మా తమ్ముడింటికి పోతా."

వెళ్ళాడు. అక్కడ మాటల్లేవు. తెల్లారకముందే లేచి గోడవైపు తిరిగి కూర్చోవాలి. పూర్వం ఓ ముసలి భిక్షువు బద్దకర్ర పట్టుకుని వెనకాల తిరిగేవాడట. కునుకు ఆగనివాళ్ళు చేతులు జోడిస్తే భుజం మీద ఒక్కటిచ్చేవాడు. జోడిస్తేనే కొట్టాలి, అదీ నియమం. చివరి ఆసనంలో ఒకతను ఆ దెబ్బలకే చచ్చిపోయాక కర్రని గోడకి తగిలించేశారు. ఆ ముసలాయనా ఎక్కువ కాలం బతకలేదు.

ఓరోజు బావ అందరికన్నా ముందెళ్ళాడు. 'దెయ్యమేంటి, నా మొహం' అనుకుని ఆ చివరి ఆసనంలోనే కూర్చున్నాడు.

వెనక అడుగులు... మెల్లగా... ఆగాయి.

ఫట్!

భుజం పగిలినంత పనైంది. తిరగబోతే మెడ మీద ఇంకోటి. కళ్ళు బైర్లు కమ్మాయి.

"బాబ్బాబూ... దణ్ణం పెడతా... కొట్టకు..." అని గుసగుసగా బతిమాలుతూ చేతులు జోడించాడు.

అదే కొంప ముంచింది. ఇక ఊపిరి తీసుకోనివ్వలేదు. వీపు, చెవి, మోచెయ్యి... నోట్లో ఉప్పగా రక్తం. ఎంత బతిమాలితే అంత గట్టిగా పడుతున్నాయి.

బావకి కోపం తన్నుకొచ్చింది. వెనక్కి చెయ్యి విసిరి కర్ర లాక్కున్నాడు. చీకట్లో కనపడ్డ ఆకారాన్ని బాదాడు. అది కూలింది. అయినా బాదాడు. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది... అయినా ఆపలేదు.

మిగతావాళ్ళు దీపాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. కింద పడున్నది వంట భిక్షువు! మందిరంలో దీపం పెట్టడానికొచ్చాడు పాపం. నెత్తురోడుతున్న చేతులు రెండూ జోడించే ఉన్నాయి. బావ చొక్కా విప్పి చూస్తే వీపు మీద గీతైనా లేదు.

"ఎందుకు కొట్టావయ్యా?" అన్నారు.

బావ గొంతు కాదట అది... ఎవరో ముసలివాడి గొంతు.

"చేతులు జోడించాడుగా. అడిగితేనే కొట్టాను."

వంట భిక్షువు బతికాడు. కేసు వద్దన్నాడు. అక్క మా ఇంటికొచ్చేసింది. నిన్న ఆమెని తీసుకెళ్ళడానికి బావ వచ్చాడు. గుమ్మంలో నిలబడి ప్రశాంతంగా నవ్వుతున్నాడు. అంత ప్రశాంతంగా ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు... భయమేసింది.

"నీకో దణ్ణం, వెళ్ళిపో—" అనబోయింది అక్క. చేతులు సగం దాకా లేచాయి.

చటుక్కున వెనక్కి దాచుకుంది.