చప్పుడు పెట్టె

నూకరత్నాన్ని చీకటి గదిలో కుర్చీకి పట్టీలతో బిగించి కూర్చోబెట్టారు. కణతలకి, మెడకి, రెండు బొటనవేళ్లకి సన్నటి తీగలు అంటించి ఉన్నాయి. చెవుల మీద కొబ్బరి చిప్పలంత హెడ్‌ఫోన్లు.

"ఏం వినపడుతోందో నాకు చెప్పక్కర్లేదు రత్నం. ఊరికే విను, చాలు," అంది గాజు తలుపు అవతల నుంచి డాక్టర్ సలోమి.

ముందు యుద్ధపు సైరన్ మోగించింది. డాక్టరు ఎదురుగా ఉన్న స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత కాస్త కదిలి ఊరుకుంది. తరవాత ఉరుము. గీత అసలు కదల్లేదు. కదలదు మరి, అంతరిక్షంలో తిరిగే ఊళ్లో పుట్టిన పిల్ల ఉరుము ఎప్పుడు విన్నది గనక? ఆ తరవాత కుక్కర్ విజిల్ వేసింది. గీత జానెడు లేచింది.

"డాక్టరుగారూ, ఎవరినైనా పొయ్యి కట్టెయ్యమనండి. పప్పు మాడిపోతుంది," అంది రత్నం, కళ్లు తెరవకుండానే.

సలోమి నవ్వుకుంటూ ఇంకో మీట నొక్కబోయింది. అంతలో గీత స్క్రీన్ అంచు దాటి ఎగిరిపోయింది. కుర్చీ పట్టీ ఒకటి ఫట్‌మని తెగింది.

"పాప ఏడుస్తోంది. వదలండి నన్ను!"

"నేనింకా ఏమీ వెయ్యలేదమ్మా."

"మీరు వేసింది కాదు. నా పాప. జాజి!"

సలోమి చెవులు రిక్కించింది. ఏమీ వినపడలేదు. తలుపు తీసుకుని నడవాలోకి వెళ్లింది. ఇంకో తలుపు తీసింది, మలుపు తిరిగింది. అక్కడ బల్ల మీద రత్నం మొగుడు అప్పలకొండ నెలల పిల్లని భుజాన వేసుకుని జోకొడుతున్నాడు. పిల్ల గుక్క తిప్పుకోకుండా ఏడుస్తోంది.

మూడు తలుపులు, ఒక మలుపు, చెవుల మీద ఆ చిప్పలు. అన్నీ దాటుకుని తల్లిని చేరింది ఆ ఏడుపు. సలోమి పిల్ల దగ్గర ఆగలేదు. పరుగున వెనక్కి వెళ్లి స్క్రీన్ మీది గీతనే చూస్తూ నిలబడిపోయింది.

రాట్నపురం పేరుకి తగ్గట్టు రాట్నమే. తీర్థాల్లో జెయింట్ వీల్ ఉంటుంది చూడండి, దాన్ని ఒక జిల్లా అంత పెంచి ఆకాశంలో వదిలేస్తే అదీ ఆ ఊరు. అది గిరగిరా తిరుగుతుంటేనే లోపల మనుషుల కాళ్లు నేలకి ఆనుతాయి. ఆ ఊరికి తాగే నీళ్లు సెరిస్ అనే చిట్టి లోకం మీది మంచు నుంచి రావాలి. అదే మంచు మీద ఇంకో తిరిగే ఊరు మేరునగరం కూడా కన్నేసింది. భూమ్మీద అయితే నీళ్ల తగాదా పొలం గట్టు దగ్గర పారలతో తేలేది. ఇక్కడ ఓడలతోనూ బొమ్మలతోనూ తేల్చుకుంటున్నారు.

బొమ్మ అని జనం ముద్దుగా అనేది మూడు తాటిచెట్లంత ఎత్తున్న ఇనుప మనిషిని. గుండె ఉండాల్సిన చోట ఒక మనిషి కూర్చుని నడుపుతారు. నడవడానికి నేలే లేని చోట దీనికి కాళ్లెందుకని మొదట్లో అందరూ నవ్వారు. పిల్లి మిద్దె మీంచి జారితే గాల్లోనే ఒళ్లు తిప్పుకుని కాళ్ల మీద వాలుతుంది కదా. బొమ్మ కూడా అంతే. చేతులూ కాళ్లూ విసిరితే చాలు, చుక్క ఇంధనం కాలకుండా ఒళ్లు తిరుగుతుంది. లోపల కూర్చున్నవాళ్లు ఎడమకాలు ఒక్క తన్ను తన్ని నడుం తిప్పితే బొమ్మ వెనక్కి తిరుగుతుంది. కుడి బొటనవేలు నొక్కితే గన్ పేలుతుంది. రత్నానికి ఈ పని అన్నం కలుపుకున్నంత అలవాటు.

అయితే, బొమ్మల యుద్ధం గురించి ఆ ఊరి పిల్లలకి తెలిసిందంతా కార్టూన్లలో చూసిందే. వాటిల్లో ఓడలు బారులు తీరి ఎదురెదురుగా నిలబడతాయి. ధనధనా పేలతాయి. హీరో తన దెబ్బకి ఒక పేరు పెట్టి, అది గట్టిగా అరిచి మరీ కొడతాడు. నిజం యుద్ధంలో శత్రువు మొదట వేల కిలోమీటర్ల అవతల ఉంటాడు. ఉప్పురవ్వంతైనా కనపడడు. పేలితే వెలుగు వస్తుంది తప్ప చప్పుడు రాదు. గాలి లేని చోట చప్పుడుని మోసేదెవరు?

మొదటి యుద్ధంలో రత్నం పక్క బొమ్మని దేవసహాయం అనే కుర్రాడు నడిపాడు. కార్టూన్ల పిచ్చి వాడికి. కొట్టే ప్రతి దెబ్బకీ పేరు పెట్టి రేడియోలో అరిచేవాడు.

"అక్కా, కాచుకో! ఇప్పుడు చూపిస్తా అగ్నిశూలం!"

"ముందు నీ వీపు చూసుకోరా నాయనా," అంది రత్నం, ఎదురుగా ఉన్న స్క్రీన్ల మీంచి కన్ను తిప్పకుండా.

జవాబు లేదు.

"ఏం, శూలం తుప్పు పట్టిందా?"

జవాబు లేదు. అలిగాడనుకుంది. ఇంకో రెండు మాటలు వేళాకోళం ఆడింది కూడా. తీరా తల తిప్పి చూస్తే పక్కన బొమ్మే లేదు. మోచేతి దాకా ఉన్న ఇనుప చెయ్యి ఒకటి, వేళ్లు ఇంకా ముడుచుకుంటూ విప్పుకుంటూ, మెల్లగా దొర్లుతూ పోతోంది. దాని చుట్టూ ఎర్రటి పూసలు. గడ్డకట్టిన నెత్తురు. అంత దగ్గర్లో మనిషి ముక్కలైపోతే తనకి చీమ కదిలినంత చప్పుడైనా అందలేదు. అది తలుచుకుంటే రత్నానికి ఇప్పటికీ అన్నం సహించదు.

అందుకే డాక్టర్ సలోమి బొమ్మలో అమర్చే ఈ చప్పుడు పెట్టె పని మొదలుపెట్టింది.

"కన్ను ఎదురుగా ఉన్నదే చూస్తుంది," అని చెప్పింది ఆ మధ్యాహ్నం మొగుడూ పెళ్లాల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని. "చెవికి వీపు లేదు. నువ్వు పొయ్యి వైపు తిరిగి పోపు వేస్తుంటావు. వెనకాల పాలు పొంగుతున్నాయనీ, పిల్ల గడప దాకా పాకిందనీ, వీధి తలుపు ఎవరో తీశారనీ తిరిగి చూడకుండానే తెలుస్తుంది కదా? రాడార్ చూసిందీ, వేడిని పట్టే కెమెరా చూసిందీ ఈ పెట్టె చప్పుడుగా మారుస్తుంది. ఏది ఎటు నుంచి వస్తే అటు నుంచి వినిపిస్తుంది. అంతే."

"మరి సైరన్ పెడితే సరిపోదా అండీ?" అంది రత్నం.

"పెట్టి చూశాను. సైరన్ వింటే మెదడు ఆలోచిస్తుంది. ఆలోచించే లోపల మిసైల్ వచ్చేస్తుంది. ఇంటి చప్పుడు వింటే ఒళ్లే లేస్తుంది, మెదడుని అడగదు. మన ఓడలకి గ్రైండర్ తిరిగే చప్పుడు పెడదాం. వాళ్ల ఓడలకి కుక్కర్ విజిల్. విరిగిన ముక్కలు ఎగిరొస్తుంటే చేటలో బియ్యం చెరిగినట్టు. ఇక నిన్ను చంపడానికి నీ మీదికే వచ్చేది ఉంది చూడు, దానికి అన్నిటికన్నా బలమైనది కావాలి." సలోమి ఆగింది. "ఇవాళ దొరికింది."

అప్పలకొండకి అర్థమైంది. పిల్లని ఇంకా దగ్గరికి పొదువుకున్నాడు.

"ఏటండీ డాక్టరమ్మగారూ! నా కూతురి ఏడుపు పట్టుకెళ్లి ఫిరంగుల మజ్జిన పెడతారా?"

"మీ ఆవిడ తిరిగి రావాలా, వద్దా?"

ఆ మాటకి అతను పెళ్లాం వైపు చూశాడు. రత్నం కళ్లకి ఆ ఇనుప చెయ్యే కనిపిస్తోంది, మూసుకుంటూ, తెరుచుకుంటూ.

"పెట్టెయ్యండి," అంది. "దీని గొంతు వింటూ ఉంటే దీని దగ్గరికే వచ్చేస్తాను. ఇంకెటు పోతాను మావా?"

రికార్డింగ్‌కి అంతా సిద్ధం చేసేసరికి జాజి ఏడుపు మానేసి, మైకు పట్టుకుని కిలకిలా నవ్వుతోంది. గిలక్కాయ లాక్కున్నా నవ్వే, డాక్టరు ఉరిమి చూసినా నవ్వే. చివరికి రత్నమే తొడపాశం పెట్టింది. పిల్ల ముందు తల్లి మొహంలోకి వింతగా చూసింది. తరవాత ఏడ్చింది.

యుద్ధం సెరిస్ నీడలో మళ్లీ మొదలైంది. ఈసారి ప్రతి బొమ్మలోనూ నడిపేవాళ్ల ఇంటి చప్పుళ్లతో ఒక పెట్టె ఉంది. రత్నం చెవులూ ఖాళీగా లేవు. ఎడంపక్క గ్రైండర్లు, దూరంగా కుక్కర్లు. వంటింట్లో నిలబడినట్టు నిలబడింది అంతరిక్షంలో. ఉన్నట్టుండి వీపు వెనక జాజి ఏడ్చింది. రత్నం ఏమీ అనుకోలేదు. ఎడమకాలు తన్నింది, నడుం తిరిగింది, బొటనవేలు నొక్కింది. మీదికొస్తున్న మిసైల్ తెల్లగా వెలిగి పొడి అయిపోయింది. ఏడుపు ఆగింది. గుండెల మీంచి బండ దిగినట్టయింది.

మళ్లీ ఏడుపు. మళ్లీ తన్ను, తిప్పు, నొక్కు. మళ్లీ ఆ హాయి. పాలిచ్చి పడుకోబెట్టినప్పుడు ఉండే హాయి అది.

ఎదురుగా మేరునగరం ఓడ ఒకటి పొట్ట చీల్చిన చేపలా తెరుచుకుంది. గాలితో పాటు మనుషులూ బయటికి కొట్టుకొచ్చారు. కొందరికి సగం బట్టలు, కొందరికి సగం ఒళ్లు. నోళ్లు బార్లా తెరుచుకుని ఉన్నాయి. ఆ కేకలు ఎవరికీ అందవు. మనుషుల వల్ల బొమ్మకి ప్రమాదం లేదు కాబట్టి పెట్టె వాళ్లకి ఏ చప్పుడూ ఇవ్వలేదు. బొమ్మ మోకాళ్లకి తగిలి, విరిగి, పక్కకి పోతున్నారు. రత్నం వాళ్ల మధ్యలోంచే ముందుకెళ్లింది. రెండు శత్రు బొమ్మల్ని దూరం నుంచి కాల్చింది. మూడోది దగ్గరికి వస్తే పీక పట్టుకుని, తల ఊడేదాకా ఓడ గోడకేసి బాదింది.

అప్పుడు ఇంకో బొమ్మ వచ్చింది. దానికి ఇంజను చచ్చిపోయింది. ఒక చెయ్యి లేదు, గన్ లేదు. ఏదో పేలుడు విసిరేస్తే ఆ ఊపుతో తేలుకుంటూ వస్తోంది. ఉన్న చెయ్యినీ, తెగిన మొండినీ పైకెత్తింది. చేతులెత్తిన బొమ్మని కొట్టకూడదని రెండు ఊళ్లూ ఒట్టు పెట్టుకున్నాయి. రత్నానికి అది తెలుసు. పెట్టెకి తెలియదు. మీదికి వచ్చే శత్రు బొమ్మ ఏదైనా దానికి ఒకటే.

జాజి ఏడుపు అందుకుంది.

"ఆగమ్మా, ఆగు," అంది రత్నం. "ఏం లేదు, ఆగు."

బొమ్మ దగ్గరయ్యేకొద్దీ ఏడుపు పెరిగింది. ఛాతీ గాజు వెనక మొహం కనపడుతోంది. ఎవరో ఆడపిల్ల. తల అడ్డంగా ఊపుతూ ఏదో చెబుతోంది. రత్నం దంతాలు బిగబట్టి బొటనవేలుని పిడికిట్లో దాచుకుంది. చెవిలో పిల్ల గుక్కపెట్టింది. ఊపిరి తిరగడం లేదు. తిరగడం లేదు...

వేలు ఎప్పుడు బయటికొచ్చిందో రత్నానికి తెలియదు. గాజు ఎర్రగా అయింది. తరవాత గాజూ లేదు.

ఏడుపు ఆగింది.

"అమ్మయ్య," అంది రత్నం నోరు.

గెలిచారు. వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ప్రాణాలతో తిరిగి రావడం రాట్నపురానికి అదే మొదటిసారి. మంచు వచ్చింది, నీళ్లు వచ్చాయి. ఊరంతా కలిసి డాక్టర్ సలోమికి శాలువా కప్పారు. రత్నం ఇంటికి వచ్చేసరికి జాజికి నడక వచ్చేసింది, మాటలూ వచ్చేస్తున్నాయి. తల్లిని మొదట కొత్త చేసింది గానీ పూట తిరిగేసరికి చంకెక్కి కూర్చుంది.

మర్నాడు పొద్దున్న రత్నం రోట్లో పచ్చడి నూరుతోంది. వెనకాల జాజి గడప తట్టుకుని బోర్లా పడి, ఘొల్లున ఏడ్చింది.

ఎడమకాలు పక్కనున్న పీటని తన్నింది. నడుం గిర్రున తిరిగింది. చేతిలో గన్ లేదు, పచ్చడి బండ ఉంది. అది వెళ్లి పిల్ల తలకి జానెడు పైన తలుపు చట్రంలో దిగబడింది. చెక్క పేళ్లు జాజి జుట్టు నిండా రాలాయి. పిల్ల బిక్కచచ్చిపోయి ఏడుపు ఆపేసింది.

"అమ్మయ్య," అంది రత్నం నోరు.

పాలకూర మళ్ల దగ్గర పనిచేస్తున్న అప్పలకొండ చప్పుడు విని పరిగెత్తుకొచ్చాడు. చట్రాన్ని చూశాడు, పిల్లని చూశాడు, పెళ్లాన్ని చూశాడు.

"రత్నం... ఏటి చేశావే?"

"ఆగింది మావా," అంది. అన్నాక తను అన్నదేమిటో తనకే అర్థమై, పిల్లకి దూరంగా గోడ దాకా జరిగిపోయింది.

ఆ రోజే సలోమి దగ్గరికి వెళ్లింది.

"తీసెయ్యండి డాక్టరుగారూ."

"పెట్టెలోంచి అయితే ఈ క్షణమే తీసేస్తాను రత్నం. నీ ఒంట్లో నేనేమీ పెట్టలేదే. నీ దగ్గర ఉన్నదాన్నే వాడుకున్నాను."

"వాడుకున్నది తిరిగి ఇచ్చెయ్యాలి కదండీ?"

సలోమి తల దించుకుంది. అలా అడిగినవాళ్లలో రత్నం మొదటిది కాదు. వాళ్లకి చెప్పిందే ఈమెకీ చెప్పింది: ఏడుపు ఒక్కటీ వినపడకుండా చేసే చిన్న మిషను ఉంది, చెవిలో పెట్టుకోవచ్చు.

"పిల్ల ఏడిస్తే వినపడని తల్లిని చేస్తారా నన్ను?" అని లేచి వచ్చేసింది రత్నం.

రోజులు గడిచాయి. ఆ ఇంట్లో ఏడుపు లేదు. ఇరుగుపొరుగు ఎంత బుద్ధిమంతురాలని జాజిని మెచ్చుకునేవాళ్లు. ఒకనాడు అది ఆడుకుంటూ మెట్ల మీంచి దొర్లింది. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. మొహం ముడుచుకుంది, పెదవులు వణికాయి. అంతలో ఎదురుగా అమ్మ కనిపించింది. వెంటనే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారుతున్నాయి. చప్పుడు లేదు.

రత్నం దాని ముందు నేల మీద చతికిలబడింది. తన రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువంతా వేసి కూర్చుంది.

"ఏడవమ్మా," అంది. "నా తల్లివి కదూ. ఏడు."

జాజి తల అడ్డంగా ఊపింది.

"ఏమీ చెయ్యనమ్మా. చూడు, చేతులు లేవు అమ్మకి."

పిల్ల అటూ ఇటూ తొంగి చూసింది. నిజమే, చేతులు లేవు. కుంటుకుంటూ వచ్చి, నోటికి అడ్డం పెట్టుకున్న అరచేతుల్ని తీసి అమ్మ రెండు చెవుల మీదా గట్టిగా అదిమింది. అప్పుడు నోరంతా తెరిచి ఏడ్చింది.

ఎక్కడో చాలా దూరం నుంచి వచ్చినట్టు సన్నగా అందుతోంది రత్నానికి. కూతురి కళ్లలోకి చూస్తూ నవ్వడానికి ప్రయత్నించింది. తొడల కింద కుడి బొటనవేలు నేలని నొక్కుతోంది. నొక్కుతూనే ఉంది.