చుక్క పెట్టని మెట్లు

అమావాస్య... మిట్టమధ్యాహ్నం. కొరాపుట్ కొండల మీద కారుమేఘాలు కమ్మి, పగలు కాటుక పూసుకుంది. దిక్కులు పిక్కటిల్లేలా ఉరుము! వేళ మరచిన గుడ్లగూబ ఒకటి కౌండిన్య అద్దె ఇంటి చూరులో కూసింది.

లోపల పీట మీద, కపాలంలో నల్లరంగు కలుపుకొని కూర్చున్నాడు కౌండిన్య. మహా చిత్రకారుడు, మహా మాంత్రికుడు... రెండు బిరుదులూ తనకు తానే ఇచ్చుకున్నవి. ఎదుటి మూలలో, రెండు గోడల మీదా నేల మీదా కలిపి మెట్లు గీశాడు. నాలుగు వైపులా పైకే ఎక్కుతాయి. ఎక్కి ఎక్కి మొదటి మెట్టుకే చేరతాయి. ఏ మేస్త్రీ కట్టలేని మాయా సోపానం!

దాని ముందు మహతి. బొమ్మలు నేర్చుకుందామని వచ్చిన పిల్ల. మూడు రోజులుగా ఉత్త నేల మీద మెట్లెక్కుతోంది. కళ్ళు తేలిపోయాయి, పాదాలు పగిలాయి, గొంతులోంచి తనది కాని మూలుగు... పొద్దుగూకేలోగా ఆమె ప్రాణం ఆ గీతల్లో కలిసిపోతే, వాడికిక చావు లేదట.

మహతి అమ్మమ్మ బుల్లమ్మ గుమ్మంలో నిలబడింది. రాయగడ మజ్జిగౌరి గుడి ముందు ముగ్గేస్తూ కబురు విని, పిండి డబ్బాతో సహా బస్సెక్కిన మనిషి. మనవరాలిని ఒక్కసారి చూసి, ఆ గీతల వైపు తిరిగింది.

"ఏటి బాబూ, ఇన్ని గీతలు గీసేవు, సుక్కలేవి?"

"చుక్కలు పేడకళ్ళెత్తేవాళ్ళకి ముసలీ. ఇది గణితం. నీ బుర్రకెక్కదు."

"ఎక్కదు గానీ, పక్కకెల్లి సూస్తే అతకనేదు."

ముగ్గేసే మనిషి చుట్టూ తిరిగి చూసుకుంటుంది. ఆమె మాట్లాడుతూనే అలా తిరిగింది. పక్కనుంచి చూస్తే గోడ మీది గీతకూ నేల మీది గీతకూ బెత్తెడు ఎడం! పీట మీద కూర్చున్నవాడి కంటికే అవి కలుస్తాయి. మెట్లను పట్టి నిలిపింది ఆ చూపే. వీణ్ణి లేపితే చాలు...

చిటికెడు పిండి తీసి, "మజ్జిగౌరమ్మా, నీ పీట ఇదే తల్లీ" అంటూ ఆ ఎడంలో చుక్క పెట్టింది.

కౌండిన్యకు ఒళ్ళు మండింది. తన మహాసృష్టిలో ఓ పల్లెటూరి పిండిచుక్కా! పేరు పిలిచి పెట్టిన చుక్కను తొక్కకూడదని రాయగడలో చంటిపిల్లకీ తెలుసు. వీడికి తెలియదు. దిగ్గున లేచి, కాలితో చెరిపాడు.

ఆకాశం చీలింది! మహతి కుప్పకూలింది. గీతలు సర్పాల్లా మెలితిరిగి వాడి మడమ పట్టాయి. జగన్మాత ఆగ్రహజ్వాలలో మహామాంత్రికుడు కుంచించుకుపోయి, చీమంతవాడై గోడ మీద మెట్లెక్కసాగాడు...

"ఇంకెన్ని మెట్లే ముసలీ..."

"గణితమన్నావు గదేటి. లెక్కెట్టుకో."

బుల్లమ్మ గుడ్డ తడిపి, పొయ్యిగట్టు తుడిచినట్టు గోడ తుడిచేసింది. కేక సగంలో తెగింది.

మహతి కళ్ళు తెరిచింది. గుడ్డ పిండిన బకెట్టు వైపు చూసింది. "అమ్మమ్మా... ఆయన నల్లరంగే కదా వాడేడు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయేటి?"

బుల్లమ్మ బకెట్టు కాలవలో కుమ్మరించింది.

"ఇప్పుడా సంగతేటికి. రా అమ్మి, కాళ్ళు కడుగుతాను."