నాలుగో డిస్కు

శనివారం పొద్దున్నే వీబె వీధి తలుపు పక్కనున్న మీటర్ల అలమర ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పైన కరెంటు మీటరు, కింద బూట్లు, బూట్ల పక్కన, ఇంట్లో రికార్డులూ సినిమాలూ అన్నీ డిస్కుల మీద దాచే ఆయన సర్వర్ పెట్టె. మా ఊళ్లో ఇలాంటి పెట్టె ఉన్నవాళ్లందరూ దాన్ని అక్కడే ఇరికిస్తారు, గాలాడక ఉడికిపోతున్నా సరే. బయట వాన, కాలవ మీద ఈదురుగాలి. వంటింట్లో కాఫీ దిగుతోంది.

భార్య ఫ్రౌకె బల్ల దగ్గర పంచదార రొట్టెని కాఫీలో నానబెట్టుకుని తింటోంది. ఆమెకి నరాల జబ్బు. ముందు నాలుక మొద్దుబారింది, ఇప్పుడు మాట ముద్దయిపోయింది. గొంతు బాగున్న రోజుల్లో, వేసవంతా కూర్చుని ఆమె వాక్యాలు చదివి రికార్డు చేసింది. వాటిని ఓ కంపెనీకి పంపితే, రేపు నోరు పూర్తిగా పడిపోయినా ఆమె గొంతుతోనే మాట్లాడే యంత్రం తయారుచేసిస్తారు. ఆ రికార్డులన్నీ వీబె పెట్టెలోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. ఎందుకు పంపలేదయ్యా అంటే, మధ్యలో పడిన చప్పుళ్లన్నీ తీసేసి శుభ్రంగా పంపుతాడట! ఏం మనిషో!

గ్రోనింగెన్ పట్నం నుంచి కూతురు హిల్కె వచ్చింది. తడిసిన కోటు విప్పుతూ అలమర వైపు చూసింది.

"నాన్నా, ఇదేంటి, పెట్టె విప్పేశావ్?"

"జాగా చాలట్లేదే. పడవ పందేల పాత సినిమాలు మా పడవల క్లబ్బువాళ్లు ఇంకా ఇచ్చారు. రెండు కొత్త డిస్కులు కొన్నా."

"మంచిది. పాతవి రెండూ ఓ జంటగా ఉన్నాయిగా, కొత్తవి రెండూ ఇంకో జంట పెట్టు. ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది, గొడవుండదు."

"జంటలైతే సగం డిస్కులు పనీపాటా లేకుండా కూర్చుంటాయి. నాలుగూ ఒకే గుంపు చేస్తున్నా. మూడింటి పాటి జాగా వాడుకుంటాం, నాలుగోదాని పాటి జాగాలో లెక్కలుంటాయి. ఏదైనా ఒకటి పోతే మిగతా మూడూ కలిసి దాన్ని మళ్లీ పుట్టిస్తాయి."

"రెండు పోతే?"

"పొద్దున్నే అపశకునం మాటలేంటే!"

వంటింట్లోంచి ఫ్రౌకె ఏదో అంది. వీబె కూతురి వైపు తిరిగాడు. "ఏమంటోంది మీ అమ్మ?"

"నీకు మొండితనం ఎక్కువైందంటోంది," అంది హిల్కె. ముగ్గురూ నవ్వారు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. జంటగా ఉన్న డిస్కుల్ని ఖాళీ చేయకుండా గుంపులోకి మార్చడం కుదరదు. ఖాళీ చేయాలంటే ఇంకో చోటు కావాలి. అందుకని వీబె నిన్న రాత్రే, ఈ పెట్టెలున్నవాళ్లు ఒకరికొకరు చెప్పుకుని మురిసిపోయే కిటుకు వాడాడు. పాత జంటలోంచి ఒకదాన్ని పీకి, కొత్త రెండింటితో కలిపి, నాలుగోది తర్వాతొస్తుందని యంత్రానికి అబద్ధం చెప్పి గుంపు కట్టేశాడు. మిగిలిన పాత డిస్కులోని సరుకంతా అందులోకి ఎక్కించాడు. ఇక ఆ పాతదాన్ని తుడిచి నాలుగోదిగా కలపడమే మిగిలింది. ఇదంతా ఆయన చెబుతుంటే హిల్కె వచ్చి పెట్టె పక్కన కూర్చుంది.

"అంటే నీ గుంపు ఇప్పుడు కుంటిది. అమ్మ గొంతు అందులో ఉంది, ఈ పాతదాంట్లో ఉంది. దీన్ని తుడిచేస్తే?"

"తుడవకుండా ఎలా కలుపుతానే?"

"కలిపాక అది నిండేదాకా మిగతా మూడూ ఊపిరి తిప్పుకోకుండా పనిచేయాలి. అప్పుడు ఒక్కటి పోయినా మొత్తం పోయినట్టే, నాన్నా. పైగా కొత్తవి రెండూ ఒకే అట్టపెట్టెలోంచి వచ్చిన కవలలు, ఒకదాంట్లో లోపముంటే రెండోదాంట్లోనూ ఉంటుంది. ముందు అమ్మ గొంతుని నీ కంప్యూటర్లోకి ఎక్కించు."

"దాంట్లో ఎక్కడుంది చోటు? నిండా పడవల సినిమాలే."

"పోనీ ఓ పెన్‌డ్రైవ్ చాలు! కొట్టుకెళ్లి తెస్తా. నేనొచ్చేదాకా చెయ్యి పెట్టకు."

"సర్లే, వెళ్లు," అన్నాడు వీబె. హిల్కె సైకిలెక్కి వానలో వెళ్లిపోయింది.

ఉద్యోగం చేసినన్నాళ్లూ సముద్రపు కట్టల ఎత్తులు కొలిచిన మనిషి ఆయన. తన లెక్కని ఎవరూ తప్పుపట్టలేదు. నిన్నకాక మొన్న నడక నేర్పిన పిల్ల వచ్చి తనకి పాఠం చెప్పడమా? ఉక్రోషం పొంగుకొచ్చింది. కూతురు వచ్చేసరికి పని సగం అయిపోవాలి, దాని నోరు మూతపడాలి అనుకున్నాడు.

ఫ్రౌకె నడక బండి తోసుకుంటూ వచ్చి వెనక నిలబడింది. ఏదో చెప్పింది. చాలాసేపు, కష్టపడి చెప్పింది.

"ఆఁ, ఆఁ, అలాగే," అన్నాడు వీబె తల తిప్పకుండా. పాత డిస్కుని తుడిచేశాడు. గుంపులో కలిపాడు.

పెట్టె మీది దీపాలు మినుకుమన్నాయి. పక్కనున్న కంప్యూటర్ తెరమీద, డిస్కు ఎంత నిండిందో చెప్పే అంకె పెరగసాగింది. పెట్టె వేడెక్కి అలమరలోంచి రబ్బరు బూట్ల వాసన కొట్టింది. అంతా సవ్యంగానే ఉంది, ఉంది అని గొణుక్కుంటూ ఆయన ఆ అంకెనే చూస్తున్నాడు. ఫ్రౌకె అక్కణ్ణించి కదల్లేదు.

అప్పుడు పెట్టె లోపల్నుంచి చిన్న చప్పుడు. టిక్. కాస్త ఆగి మళ్లీ టిక్. గోరుతో తలుపు తట్టినట్టుంది. అంకె ఆగిపోయింది. టిక్, టిక్, టిక్. కొత్త డిస్కు ఒకటి తెరమీద ఎర్రబడింది. దాని కింద, ఏదీ తెరవడం కుదరదని యంత్రం చెప్పింది. ఆపి మళ్లీ వేశాడు. మళ్లీ అదే మాట.

హిల్కె తడిసి ముద్దయి లోపలికొచ్చింది, చేతిలో పెన్‌డ్రైవ్. తెరమీది ఎరుపు చూసింది.

"తుడిచేశావా?"

వీబె పెట్టె మీట మళ్లీ నొక్కాడు.

"కాసేపు ఆగలేకపోయావా నాన్నా? అమ్మ గొంతు! ఇంకెక్కణ్ణించి తెస్తావ్ దాన్ని?"

"బాగుచేసేవాళ్లుంటారు… పంపిద్దాం…"

"పాతది తుడిచి దాని మీదే రాయించావ్! అమ్మ ఇక్కడే ఉంది కదా, ఆపలేదా నిన్ను?"

"ఏదో అంది."

"ఏమంది?"

వీబెకి తెలీదు. ఆ సంగతి ఆయన మొహంలోనే కనబడింది.

"ఎప్పుడూ అంతే నువ్వు," అంది హిల్కె. "అమ్మ మాట్లాడితే నా వంక చూస్తావ్. నేను లేకపోతే ఆఁ ఆఁ అంటావ్. ఆ పెట్టెలో గొంతుని మాత్రం రోజంతా వింటావ్!"

ఆ మాటకి వీబె బూట్ల మధ్య కూలబడిపోయాడు. నిజమే. ఆ పాత గొంతు దగ్గర ఆయనకి భయం ఉండేది కాదు. ఈ ముద్ద మాట వింటే గుండె జారిపోయేది, అందుకే వినడం మానేశాడు. పెద్దగా ఏడ్చాడు.

ఫ్రౌకె వంగి ఏదో అంది. హిల్కె తిప్పి చెప్పబోయింది. వీబె చెయ్యెత్తి ఆపాడు.

"నాకు అర్థం కాలేదు, ఫ్రౌకె. మళ్లీ చెప్పు."

ఆమె చెప్పింది. అర్థం కాలేదు. "మళ్లీ," అన్నాడు. ఆమె పెదవుల్నే చూస్తూ, ఒక్కో ముక్కా పట్టుకుంటూ, చివరికి ఆమె మాటల్ని తనే పైకి పలికాడు.

"మళ్లీ చెప్పమని… నువ్వు నన్నడిగి… ఎన్నాళ్లయిందో."

ఫ్రౌకె తలూపింది. ఆమె కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. ఆయన ఆమె మోకాళ్లు పట్టుకుని, "తప్పయిపోయింది," అన్నాడు. ఆమె ఇంకేదో అంది. "మళ్లీ," అన్నాడాయన.

హిల్కె పెట్టె ఆపేసి, కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. అక్కడికి అమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది, నాన్న మళ్లీ చెప్పమంటూనే ఉన్నాడు.