పక్క సీట్లో కూర్చున్నవాడు

ప్రసాదం అందరికీ అందిందా? వెనక కూర్చున్న అమ్మలకు కూడా ఇవ్వండి. భజన అయిపోయింది కదా అని లేవకండి. ఈ శనివారం నా దగ్గర ఒక ముచ్చట ఉంది. ఆంజనేయస్వామి ఎదురుగా కూర్చొని చెబుతున్నాను, ఒక్క ముక్క కూడా కలిపి చెప్పను.

ముప్పై ఏండ్లకు పైగా లారీ నడిపినవాణ్ణి. జనగామలో నా ఇల్లు తెలియనివాళ్లకు కూడా నా హారన్ తెలుసు. ఈ చలికాలం మొదట్లో నా హెవీ లైసెన్స్ గడువు దగ్గరపడింది. రెన్యువల్ చేయించాలంటే డాక్టర్ కళ్లూ చెవులూ చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. మా ఇంటామె రాజీ మాత్రం ఏ డాక్టర్‌నూ అడగకుండానే తేల్చేసింది.

“అరవై దాటినయ్. ఇంకా ఎవలకోసం తిప్పుతవయ్యా ఆ స్టీరింగు? ఇంటిపట్టున ఉండి కూరగాయలు తెచ్చిపెట్టు.”

“కూరగాయలు తేనీకి లైసెన్స్ అక్కర్లేదా?”

“నువ్వు తెచ్చే వంకాయలు చూస్తే, దానికి గూడ ఉండాలె అనిపిస్తది.”

మా లారీ యజమాని దామోదర్ సేటుది మరిపెడ. ఆయన మాట ఇంకొకటి. “నువ్వు చేపిచ్చుకుంటే నీదే బండి, కిషన్. లేకుంటే వెంకట్‌కు ఇస్త. వానికి హెవీ ఉంది.”

వెంకట్ నా క్లీనర్. గూడూరు పక్కన తండా వాడిది, పెండ్లాం పేరు ప్రియ. నాలుగేండ్లుగా నా పక్క సీట్లోనే తిన్నాడు, నిద్రపోయాడు. మంచివాడే. కానీ సేటు ఆ మాట అన్నప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. నేను ఎక్కడైనా బ్రేకు ఆలస్యంగా తొక్కితే ఇంటికి చేరేసరికి రాజీకి తెలిసి ఉండేది. ఎవరు చెబుతున్నారు? లారీలో ఉండేది ఇద్దరమే కదా.

అలాంటి రోజుల్లో మహదేవపూర్‌లో వడ్ల బస్తాలు ఎత్తుకొని బయలుదేరాం. దించాల్సింది గూడూరు అవతల అడవి అంచున ఉన్న ఒక రైస్ మిల్లులో. మేం చేరేసరికి పొద్దుగూకింది. మంచు దిగుతోంది. మిల్లులో కరెంటు లేదు. ఉడికిన వడ్ల వాసన, కాలిన ఊక వాసన గాలిలో బరువుగా నిలబడి ఉన్నాయి. కాపలావాడు గేటు తీసి, వెనకనున్న గోదాము చూపించి, లాంతరు కోసం లోపలికి వెళ్లాడు.

లారీ వెనక్కి తీసేటప్పుడు డ్రైవర్‌కు తన కళ్లు పనికిరావు. క్లీనర్ గొంతే కళ్లు. వాడు వెనక నిలబడి “రానీ, రానీ” అంటూ బాడీ మీద అరచేత్తో కొడుతుంటాడు. ఆ చప్పుడును నమ్మి బండి వదలాల్సిందే.

వెంకట్ దిగుతూ ఏదో అన్నాడు. ఇంజను మోతలో నాకు వినపడలేదు. మళ్లీ అడిగితే, అన్నకు చెవులు పోయాయని రాజీదాకా పోతుంది. అందుకని తల ఊపి ఊరుకున్నాను.

కాసేపటికి వెనక చప్పుడు మొదలైంది.

“రానీ... రానీ...”

రివర్సు గేరు వేశాను. అద్దాల నిండా మంచు. గొంతు వెంకట్‌దే. బండి మెల్లగా వెనక్కి జరుగుతోంది.

“ఎడమకు కొట్టన్నా... ఆఁ... రానీ...”

ఊక వాసన పోయింది. దాని చోట పాచి నీళ్ల వాసన వచ్చింది. చల్లగా. వెంకట్ గొంతు కూడా మారినట్టనిపించింది. దూరం పోలేదు... కిందికి పోయింది. నేల కంటే కింది నుంచి పిలుస్తున్నట్టు.

“రానీ...”

అప్పుడు నా హెడ్‌లైట్ల ముందుకు ఒక మనిషి వచ్చాడు. రెండు చేతుల్లో రెండు ఛాయ్ గ్లాసులు.

వెంకట్.

“ఆపన్నా. ఆపు, ఆపు.”

వెనక నుంచి, “రానీ.”

బ్రేకు మీద నిలబడిపోయాను. వెంకట్ గ్లాసులు కింద పెట్టి కిటికీ దగ్గరికి ఉరికొచ్చాడు.

“కాపలాయన దగ్గర ఛాయ్ తెస్త, అప్పటిదాంక బండి కదిలియ్యకు అని చెప్పిన కదన్నా. వెనక మోటబావి ఉన్నది. గోడ గూడ లేదు. ఎవలు రమ్మన్నరు నిన్ను?”

“నువ్వే.”

వాడు నన్నొక చూపు చూశాడు. ముసలివాళ్లను చూసే చూపు. నాకు మండింది.

“ఈ నాటకం ఆడమని రాజీ చెప్పిందారా?”

“వదినకు నేను చెప్తున్నది నిజమే అన్నా. తిన్నవా, గోలీలు వేసుకున్నవా అని అడుగుతది, చెప్త. బాయిల పడేసే నాటకం ఆడుతనా?” వాడి గొంతులో బాధ ఉంది. “నువ్వు కూసో. నేను చూసొస్త.”

ఫోన్ లైటు వేసుకొని వెనక్కి వెళ్లాడు. నేను ఇంజను ఆపాను. అంత నిశ్శబ్దం ఆ అడవి అంచున ఎప్పుడూ వినలేదు. ఒక్క కీచురాయి లేదు. చాలీసా మొదలుపెట్టాను. రెండో పాదం దగ్గర ఆగిపోయాను.

వెనక మాటలు వినిపిస్తున్నాయి. గుసగుసగా.

“పైకి ఎందుకొచ్చినవ్?”

“ఆయన వస్తుండె. నువ్వు ఆపినవ్.”

“జరుగు... నేను పోవాలె. అన్న చూస్తుండు.”

“ఎవలు పోతే ఏంది... ఆయన గుర్తుపడతడా...”

ఇద్దరు మాట్లాడుతున్నారు. రెండు గొంతులూ వెంకట్‌వే.

తర్వాత నీళ్లలో ఏదో బరువైనది పడింది. దిగి చూడాలనుకున్నాను. దిగలేదు, స్వామి సాక్షిగా ఒప్పుకుంటున్నాను. తలుపు తెరుచుకుంది. వెంకట్ ఎక్కి పక్క సీట్లో కూర్చున్నాడు.

“ముంగటికి తియ్యన్నా.”

“ఏం పడ్డదిరా?”

“రాయి.”

“ఎవలతోని మాట్లాడినవ్?”

వాడు నా వైపు తిరిగాడు.

“నీతోనే కదా.”

తెల్లారి మిల్లు వాళ్లను బతిమాలి బావిలో గాలం వేయించాను. ఏమీ తగలలేదు. మస్తు లోతు అన్నారు. బయలుదేరే ముందు స్వామి సిందూరం తీసి వెంకట్ నుదుటికి పెట్టాను. వాడు చేతులు కట్టుకొని, కళ్లు మూసుకొని పెట్టించుకున్నాడు. నాకు నిశ్చింత కలగాలి కదా. కలగలేదు. నాలుగేండ్లుగా నేను సిందూరం పెట్టబోయిన ప్రతిసారీ ‘చెమటకు జారి కంట్ల పడుతదన్నా’ అని తప్పించుకున్నవాడే.

జనగామకు వచ్చి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. గుమ్మంలో నిలబడి ఏం మొక్కుకున్నానో తెలుసా? ‘స్వామీ, నా చెవులు పాడయ్యాయని ఆమె నోట చెప్పించు’ అని. చెవులు పాడైతే నేను విన్నదంతా అబద్ధమే. లైసెన్స్ పోతే పోయింది, ఇంట్లో హాయిగా పడుకోవచ్చు.

ఆమె నా వెనక నిలబడి చిన్నగా గొణిగిన మాటలన్నీ తిరిగి అప్పజెప్పాను.

“పెద్దాయనా, గుసగుసలు గూడ వినబడుతున్నయి నీకు,” అని నవ్వుతూ సంతకం పెట్టింది.

ఇక నిర్ణయం నాదే. లైసెన్స్ వదిలేస్తే ఆ స్టీరింగు వాడి చేతికి పోతుంది. భూపాలపల్లి రోడ్డు మీద బడి పిల్లల ఆటోలు తిరుగుతాయి, కూలీల ట్రాక్టర్లు తిరుగుతాయి. చేయించుకుంటే రోజంతా వాడి పక్కన నేను కూర్చోవాలి. ఒకవేళ వాడు మన వెంకటే అయితే, నన్ను బావిలో పడకుండా కాపాడినవాణ్ణి దెయ్యమని అనుమానిస్తున్న పాపం నాది. ఎటు తిప్పినా నేను బండి ఎక్కడమే మేలనిపించింది. రెన్యువల్ చేయించాను. రాజీ అలిగి మాట్లాడటం మానేసింది. ఆమెకు కారణం చెప్పలేదు. వాడు ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె చేత్తోనే అన్నం పెడుతుంది కదా.

కొత్త లైసెన్స్ నిన్ననే చేతికి వచ్చింది. సోమవారం భూపాలపల్లిలో లోడ్ ఉంది.

ఈ పొద్దున ప్రియ మా ఇంటికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. రాజీ లోపలికి వెళ్లేదాకా ఆగింది.

“అన్నా, మా ఆయన నిద్రల మాట్లాడుతుండు.”

“లారీ మీద తిరిగేటోళ్లందరం మాట్లాడుతమమ్మా.”

“అట్ల కాదన్నా. ఇద్దరు మాట్లాడుకున్నట్టు. రెండూ ఆయన గొంతే. దానికి అలవాటు పడ్డ.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “రాత్రి మూడో గొంతు కలిసింది.”

“ఎవలది?”

“నువ్వు రాత్రి ఇంట్లనే ఉన్నవా?”

“ఇంట్లనే ఉన్నానమ్మా.”

“ఆ గొంతు నీదన్నా,” అంది ప్రియ. “‘సోమవారం కిషన్ బండెక్కుతడు, జర ఓపిక పట్టుండ్రి’ అంటున్నవ్.”