పాటిగడ్డ మీద ఏడు తరాలు

పెద్దమందడి నుంచి వనపర్తి పోయే బాటలో, పాటిగడ్డ దగ్గర ఎవరు పిలిచినా పలకకూడదనేవారు. ఎప్పుడో గత్తర, అదే కలరా, వచ్చి జనం చచ్చినవాళ్ళు చావగా మిగిలినవాళ్ళు ఊరే వదిలి పోతే, నిలబడిపోయిన మొండిగోడలవి. చీకటి పడ్డాక అక్కడ ఒక గొంతు వినిపించేదట... "ఎవరింటోనివి బిడ్డా?" అని. నోరు జారి జవాబిచ్చిన బండి తోలేవాడొకడు మూడు నెలలు మంచం దిగలేదు.

నిజాం రాజ్యం ఇంకా నడుస్తున్న రోజులు. ఇవన్నీ తెలిసీ పెద్దమందడి కాపు చెన్నయ్య ఆ రాత్రి అటే వచ్చాడు. పాపం, ఏం చేస్తాడు? ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. మూడోది ఆడపిల్ల, ఇరవై రోజులది, పాలు తాగడం మానేసింది. "మీ వంశంల ఎవరో పెద్దమనిషిని మర్చిండ్రు. ఆ పేరు పెట్టుండ్రి, పిల్ల నిలుస్తది," అంది సోది చెప్పే పెంటమ్మ. తెల్లారితే తొట్టెలలో వేసి పేరు పెట్టాలి.

అందుకే వనపర్తి పోయి, కాపుల వంశాలు చెప్పే యాదయ్య ముందు కూర్చున్నాడు. యాదయ్య ఏడు తరాలు గడగడా చెప్పాడు. ఒకడు కోటకు కాపలా కాశాడన్నాడు, ఒకడు ఒంటిచేత్తో పులిని చంపాడన్నాడు. చెన్నయ్య ఛాతీ ఉప్పొంగింది. కాసేపు పిల్ల సంగతే మరిచాడు, ఎందుకు దాచాలి! తీరా, మరిచిపోయిన ఆ పెద్దమనిషి ఎవరంటే యాదయ్య తల గోక్కున్నాడు.

"మా తాత నాకు జెప్పింది గింతే."

చెన్నయ్య ఆ పేర్లే వల్లె వేసుకుంటూ తిరుగుముఖం పట్టాడు. ఏదో ఒకదాని చివర 'అమ్మ' తగిలిద్దామనుకున్నాడు.

పాటిగడ్డ వచ్చింది. ఆకు కదలడం లేదు. గోడల వెనక నుంచి —

"ఎవరింటోనివి... బిడ్డా?"

పరుగెత్తబోయాడు. పిల్ల ముఖం గుర్తొచ్చి ఆగాడు. తాను వెతికే మనిషి ఇక్కడే ఉంటే? గోడల వైపు తిరిగాడు.

"చెన్నయ్యను... కురుమూర్తి కొడుకును."

"కురుమూర్తి?"

"రామయ్య కొడుకు. రామయ్య — బాలన్న కొడుకు."

ఎక్కడో మట్టి రాలింది. గొంతు దగ్గరికొచ్చింది. ఆడగొంతు.

"బాలన్న?"

"బాలన్నను... నాగన్న కన్నడు."

"నాగన్న... కన్నడా వాణ్ణి?"

ఏడు తరాల్లో ఒక్క ఆడమనిషి పేరు కూడా లేదని చెన్నయ్యకు అప్పుడు తట్టింది.

"గత్తర తగిలిందని నన్ను లోపలేసి గొళ్ళెం పెట్టిండ్రు. పాలు తాగే నా బాలన్నను నా సంకలకెల్లి గుంజుకపోయిండ్రు..."

చెన్నయ్య రెండు చేతులూ జోడించాడు. వెతికే మనిషి దొరికిందన్న సంతోషంతో ఏడుపొచ్చింది.

"అవ్వా... నీ కాల్మొక్త. నీ పేరు జెప్పు. రేపు నా బిడ్డకు పెడ్త."

ఈసారి గొంతు చెవి పక్కనే, చల్లగా —

"పిలిచేటోళ్ళు లేక మర్చిన, బిడ్డా... మనోళ్ళ పేర్లన్నీ నీకు తెల్సు గద. నువ్వే చెప్పు... నా పేరేంది?"